నకారపొల్లు

గెతారియా రేవులో ఇసుక తోడే ఓడ మీద నాకు పని.
బస మాత్రం షెషిలి ఇంటి మేడగదిలో.
వయసు అడిగితే
"లావురొగెయితా అమాబి" అంది.
నాలుగు ఇరవైలు, పైన పన్నెండు.
మా జేలండ్‌లో అయితే "రెండూ తొంభై" అంటాం,
చిల్లర ముందు లెక్కపెట్టి
నోటు తర్వాత అందించే కొట్టువాడిలా.
ఎటునుంచి లెక్కపెట్టినా అవే మోకాళ్ల నొప్పులు
అని నవ్వాం ఇద్దరం, ఎవరి భాషలో వాళ్లం.

రేవుగట్టున ఆమె వలలు బాగుచేసేది.
సెలవు రోజుల్లో పక్కన కూచుని
నేను మాటలు ఏరుకునేదాన్ని.
డచ్చిలో మాటలు విడివిడిగా నిలబడతాయి
గట్టుమీద పీపాల్లా:
నేను. ఇది. నీకు.
ఆమె "దిసుత్" అంటుంది, అంతే.
ఇదీ నీకూ నేనూ ఒకే ముడిలో.
ఏ పోగు లాగినా మిగతావి కదులుతాయి.

నాకు మాత్రం విద్యలు లేవా?
మాట చివర "చె" తగిలించి
దేన్నయినా చిన్నది చేసేస్తాను.
పడవ బుల్లిపడవ, వాన బుల్లివాన,
దుఃఖాన్ని కూడా బుల్లిదుఃఖం చేసి
కోటు జేబులో వేసుకోవచ్చు.
"మాకూ ఉంది 'చో' అని ఒకటి,
కానీ అన్నిటికీ పెట్టం" అంది,
సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఒక సాయంత్రం మా తాత సంగతి చెప్పాను.
రొయ్యల పడవలో వెళ్లాడు, నవంబరులో.
మా ఊళ్లో అలాంటివాళ్లను
"సముద్రంలో ఉండిపోయాడు" అంటాం,
చుట్టాలు ఇంకో రాత్రి ఉండమంటే
కాదనలేక ఆగిపోయినట్టు.

షెషిలి సూది ఆపింది.
"మా నాన్ననైతే
ఇత్ససోఆక్ ఎరామన్ సువెన్."
సముద్రం తీసుకుపోయింది.
"సముద్రం చివర ఆ పొల్లు 'క్' విన్నావా?
ఊరికే వచ్చినవాడికి ఉండదు,
పడి నిద్రపోయినవాడికి ఉండదు.
ఎవరు చేశారో వాళ్లకే."
చొక్కా అంచున మరక చూపించినట్టు
వేలెత్తి చూపింది నీళ్లవైపు.
డెబ్బై ఎనిమిదేళ్లయింది.
ఇంకా ఆ కేసు మూయలేదు ఆమె.

చెల్లెలు కొన్చెసి పోయిన చలికాలం పోయింది.
"దానితో మాట్లాడితే క్రియకి ఇంకో తోక ఉండేది.
చేపల ధర చెప్పినా, పక్కింటి పెళ్లి చెప్పినా,
ఆ వాక్యంతో ఏ పనీ లేకపోయినా సరే
వింటున్న ఆడమనిషికి అందులో చోటు.
చివర ఒక 'న్'.
బడిలో సిస్టర్లు మోటు మాట అన్నారు.
నా కూతురికి నేర్పలేదు, సిగ్గుపడి.
ఇప్పుడు అది ఎవరికివ్వాలో తెలీక
పిల్లికి ఇస్తున్నాను."
కాసేపాగి అంది:
"పిల్లేమో మగది."

పని ముగిసింది.
మధ్యాహ్నం పోటు మీద ఓడ కదలాలి.
బయట సిరిమిరి,
వాన గీన అనడానికి కూడా చాలనంత తుంపర.
"హెట్ రేఖెంట్" అనుకున్నాను అలవాటుగా.
అది కురుస్తోంది.
ఏది? ఎవరూ అడగరు మా దగ్గర.
వాక్యానికి ఒక కుర్చీ ఉండాలి గనక
ఖాళీదే తెచ్చి
వానలో వేస్తాం.

షెషిలి గుమ్మంలో నిలబడి
నావైపు కాదు, కొండవైపు చూస్తూ
"ఎవురియా అరి దిన్" అంది.
ఆరు నెలలు రోజూ "దు" అన్న మనిషి.
వాన పడుతోందే.

సంచి కింద పెట్టాను.
బదులు చెప్పాలి, అదే న్ తో,
వేళ్ల మీద ముడి వేసుకుంటున్నట్టు వెతుక్కుంటున్నాను,
రేవులో మావాళ్లు రెండోసారి హారన్ కొట్టారు.
పిల్లి మా ఇద్దరినీ చూసి
తడవకుండా లోపలికి పోయింది.