డొక్క

ముందు చక్రం ఏమీ చెప్పలేదు.
వెనక చక్రమూ, నిజానికి, ఏమీ చెప్పలేదు.
తాడిపత్రి పొలిమేరలో బండల పాలిష్ షెడ్ల పక్కన
ఉన్నట్టుండి ఒక నిట్టూర్పు,
అంతే.

సన్న టైరు.
నా బొటనవేలి కంటే కాస్త వెడల్పు.
నేలను తాకే భాగం ఇంకా నల్లగా, నిండుగా,
కొన్ననాటి గీత కూడా చెరగలేదు.
దాన్ని చూసే మురిసిపోయేవాణ్ణి రోజూ.

ఆరు నెలలుగా నేను తిట్టింది
లారీల్లోంచి రాలే నాపరాయి పెచ్చులను.
తెల్లారి ఎండలో కత్తి అంచుల్లా మెరిసేవి.
ఒక్కొక్కటే తప్పించుకుంటూ
తాగినవాడిలా వంకరటింకర తొక్కేవాణ్ణి.

పంక్చర్ల కుళ్లాయప్ప టీ గ్లాసు పక్కన పెట్టి
"యాడికి సా?" అన్నాడు.
"యాడికికే."
ఇద్దరమూ నవ్వలేదు.
ఈ దోవలో ఆ మాట అరిగిపోయి చాన్నాళ్లయింది.

టైరు ఊడదీసి, వెలుతురుకు ఎత్తిపట్టి,
చూలు బర్రెను తడిమినట్టు తడిమినాడు.
"తలకాయకేం కాలేదు సా. డొక్క పోయింది."

చూశాను.
రిమ్ముకు గోరంత పైన, చుట్టూరా,
రబ్బరు లేచిపోయి నూలు బయటపడింది,
తెల్లగా, పోగులు పోగులుగా.
ఒకచోట వేలు దూరేంత చీలిక.
డొక్కశుద్ధి లేదని బళ్లో తెలుగు అయ్యవారు అనేవాడు,
ఆయనన్నది ఈ డొక్క కాదు గానీ.

"బండ పెచ్చులే కదా?"
జవాబివ్వలేదు.
చక్రం ఎక్కించి, తిప్పి, బ్రేకు నొక్కి చూపించాడు.
రిమ్మును పట్టాల్సిన కట్ట
పైకి జరిగి టైరును నాకుతోంది.
"ఈ నట్టు ఎవురు బిగించినారు?"

నేనే.
శివరాత్రి సెలవునాడు, ఎవరి సాయమూ అక్కర్లేదని.

అడ్డమొచ్చిన ప్రతి కుక్కకూ, ప్రతి రైల్వే గేటుకూ,
నేను జాగ్రత్తపడిన ప్రతిసారీ
అది కాస్త కొరికింది.

బ్యాంకులో నా పనే అరుగుదల చూడటం.
చెమట మడతల నోట్లను బొటనవేలితో తడిమి
నడిచేవి ఒక కుప్ప, నడవనివి ఒక కుప్ప.
ఆ వేలు ఈ డొక్కను ఒక్కనాడూ తడమలేదు.

"పది రూపాయలియ్యి సా."
ఇంత తక్కువా అనుకుంటూ ఇచ్చాను.
నోటును నాలుగు మడతలు పెట్టి
చీలిక వెనక, టైరుకూ ట్యూబుకూ నడుమ
దోపేశాడు.
"కాగితం కాదప్పా అది, పత్తి. గట్టిది.
యాడికి చేరేదాకా ఓర్చుకుంటాది.
నా కూలి ఇరవై. అది వేరే."

ఎక్కాను. ప్రతి చుట్టుకూ సీటు కింద
చిన్న పొంగు. టుక్. టుక్.
రాయలచెరువు దగ్గర బండల లారీ ఎదురొచ్చింది,
పెచ్చులు రాలాయి.
తిట్టడానికి నోరు రాలేదు.

ఆలస్యంగా కౌంటరు తెరిచాక
ఒక ముసలామె పది నోటు నెట్టింది,
మడతల దగ్గర పీచు లేచినది.
వంచి, వెలుతురుకు పట్టి, చాలాసేపు చూశాను.

"చెల్లదా నాయినా?"

"గట్టిదేలేమ్మా," అన్నాను.