ఇంటిపేరు

నశ్యం డబ్బాలో వచ్చింది పురుగు.
పందొమ్మిదేళ్లు సొరుగులో పడున్నా
విండ్‌హుక్‌ మ్యూజియం వెనక గదిలో
తుయేని హైంబోడి మూత తీసినప్పుడల్లా
ముందు పొగాకు ఘాటు,
ఆ తర్వాతే పురుగు.

మినపగింజ కంటే కాస్త పెద్దది.
నలుపు కాదు, మాడిన బెల్లప్పాకం రంగు.
వీపు మీది డిప్పలు రెండూ అతుక్కుపోయాయి,
విప్పినా కింద రెక్కల్లేవు.
ఎగరడం ఎప్పుడు మానేసిందో
ఆ ఇసుకకే తెలియాలి.

ముంగాళ్ల పళ్లు లెక్కపెట్టింది. మూడు కాదు, రెండు.
దీపం జరిపి మళ్లీ లెక్కపెట్టింది.
సొరుగు సొరుగూ లాగి చుట్టాల్ని వెతికింది:
ఈ నుదురు వాళ్లది, ఈ గడ్డం వీళ్లది,
కాళ్లు మాత్రం ఎవరివీ కావు.
దీనిలా, కానీ ఇలా కాదు.
దానిలా, కానీ అలా కాదు.
కాదు కాదంటూనే పదకొండు పేజీలు నిండాయి.
కాదన్నవన్నీ పోగా మిగిలిందే
కొత్త ప్రజాతి.

పురుగులకూ మన పద్ధతే,
ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక.
ఇంతా చేస్తే ఈ ఇంట్లో ఉన్నది ఒక్క ప్రాణి,
అదీ దూది మీద.

పొడవుకు గడి ఉంది. వెడల్పుకు, దొరికిన చోటుకు, తేదీకి.
పొగాకు వాసనకు లేదు.
"ఎడమ వెనక కాలు లేదు" అని రాసి
చుక్క పెట్టబోతూ ఆగి
డ్రైవర్‌కి ఫోన్ చేసింది.

ఎలిఫాస్ ఖరుఖాబ్ ఇప్పుడు మేకలు కాస్తున్నాడు.
గాలి హోరులో అరిచి చెప్పాడు:
"టైరు పంక్చరైంది. జాకీ పెడుతూ వంగితే కనబడింది.
పొగమంచు ఇంకా విడలేదు.
పెంటికనొకదాన్ని వెనక కాళ్లతో పట్టి
ఈడ్చుకుపోతోంది, నెట్టడం కాదు,
బడికి రానన్న పిల్లాణ్ణి లాక్కెళ్లినట్టు.
నట్లు బిగించడం మర్చిపోయి చూస్తూ కూర్చున్నా.
సార్లు తిట్టారు.
పంక్చర్ సంగతి రాశావా?"

లేదంది.
"పోనీలే."
కాసేపు గాలి ఒక్కటే మాట్లాడింది.
"కాలొకటి లేదని రాశానండీ."
"నేను చూసినప్పుడు ఆరూ ఉన్నాయమ్మా.
ఆరింటితోనే నడిచింది.
నా డబ్బాలోనే విరిగుంటుంది, ఆ గతుకుల దారిలో.
అది రాయి."

పేరు గడి ఖాళీగానే ఉంది.
డబ్బా అడుగున మిగిలిన నశ్యాన్ని
తెల్ల కాగితం మీదికి దులుపుకుని
కుంచె మొనతో ఒక్కో రేణువూ
పక్కకు జరుపుతోంది తుయేని.
తుమ్మొస్తే
మొహం అటు తిప్పుకుంటోంది.