తిరిగిచ్చే తేదీ

పొదలకూరు నిమ్మకాయల మండీలో
పగలంతా ఎవరెవరి బస్తాలో లెక్క రాసి
రాత్రి పదింటికి
నా లెక్కలకు నేనొక ఇల్లు కట్టుకుంటున్నా.

మొన్నటిదాకా ఫోన్లో యాప్ ఉండేది.
మా అత్త కంటిచుక్కల మందూ
గేదె తవుడూ
పెంచలకోన తిరునాళ్లలో పిల్ల పోగొట్టుకొచ్చిన ఒంటి చెప్పూ
అన్నిటినీ 'ఇతరములు' అనేది.
నా బతుకులో ముప్పాతిక ఇతరములేనా అని
ఒకరోజు దాన్ని తీసిపారేశా.
పాత వరసలు మాత్రం తెచ్చుకున్నా,
ఇల్లు మారేటప్పుడు చీపురు తెచ్చుకున్నట్టు.

ల్యాప్‌టాప్ ముసలిది.
ఎంటర్ కింద ఎండిన నిమ్మగింజ ఏదో ఇరుక్కుంది కాబోలు
ఒకసారి పడుద్ది, ఒకసారి పడదు.
ముందు పట్టికలు గీశా.
వచ్చింది. పోయింది. రావాల్సింది. ఇవ్వాల్సింది.
ప్రతి వరసకూ ఒక నంబరు.
వరస చెరిపేసినా
పోయినవాళ్ల నంబరు మళ్లీ ఎవరికీ ఇవ్వదది.
ఆ మర్యాద నాకు నచ్చింది.

సున్నా వేరు, ఖాళీ వేరు అని కూడా అదే నేర్పింది.
లేదని తెలిస్తే సున్నా.
ఉందో లేదో తెలియకపోతే ఖాళీ.
మా ఆయన కాయల లారీ ఎక్కి మద్రాసు పోయిన రోజుల ఖర్చు
ఖాళీగానే వదిలా,
సున్నా అని రాయలా.

ఎండల్లో బస్తా వేలు పలికిన నెలా
వానల్లో కోతకూలికి చాలని నెలా
పక్కపక్కన నిలబెట్టి చూస్తే
మాకు జీతం ఇచ్చేది షావుకారు కాదు
సూర్యుడేనని తేలింది.
దానికి గడి పెట్టలేదు.

నాలుగో రాత్రి
చేబదుళ్ల దగ్గర ఆగిపోయా.
'తిరిగిచ్చే తేదీ' తప్పనిసరి అని
మొదటిరోజు హుషారులో నేనే పెట్టా.
నా గడపే నన్ను లోపలికి రానివ్వడంలా.

మాలకొండయ్య, పంచర్ల షాపు. మూడు వేలు.
పోయిన ఆషాఢంలో పిల్లకు జ్వరం ముదిరి
నెల్లూరు పెద్దాసుపత్రికి పోతుంటే
ఆటోకి అడ్డం నిలబడి
గ్రీసు వేళ్లతో జేబులోంచి తీసి
లెక్కపెట్టకుండా, కాదు, లెక్కపెట్టే
నా ఒళ్లో పడేశాడు.
ఎప్పుడిస్తావని అడగలా.
అడక్కపోవడాన్ని ఏ గడిలో రాయాలి?

మూడుసార్లు ఎర్రక్షరాలు.
ఉత్తుత్తి తేదీ ఒకటి వేద్దామనుకుంటే వేలు రాలా.
చివరికి పట్టికనే విప్పి
ఆ గడిని ఖాళీగా ఉండనిచ్చా.

ఆదివారం పొద్దున డబ్బు తీసుకుని పోయా.
ట్యూబుని తొట్టిలో ముంచి
బుడగ కోసం చూస్తుండాడు.
"మూడు కాదమ్మే శేషారత్నం,
రెండువేల ఎనిమిదొందలు" అన్నాడు తలెత్తకుండా.
"వినాయక చవితి ముందురోజు
మావోడి ఫీజుకి తక్కువైతే రెండొందలు ఇచ్చినావు గదా.
అట్టా మర్చిపోతే ఎట్టా?"

ఇంటికొచ్చి వెతికా.
ఉన్నాయి.
యాప్ నుంచి తెచ్చుకున్న వరసల్లో
రెండొందలు, ఇతరములు.

బుడగ దొరికినప్పుడు అతను
వేలు తీయకుండా అక్కడే అదిమిపట్టిన తీరు
గుర్తుకొస్తా ఉంది.

చేబదుళ్ల పట్టికకు కొత్త గడి ఒకటి కలిపా.
'ఎవరికి గుర్తుంది.'
మొదటి వరసలో మాలకొండయ్య అని కొట్టా.
ఈ నెల్లో నలభై ఏడు రూపాయలు ఇంకా తేలలా.
మా ఆయన్నడిగితే
"నాయుడుపేటలో టీ తాగుంటాం" అంటాడు.
తాగుంటాం అంటే తాగినట్టా, కాదా?
ఖాళీగా వదిలి
ఎంటర్ నొక్కా.
పడలా.
మళ్లీ నొక్కా.