మూడో రకం తెలుపు

కాసీబుగ్గ బస్టాండు దాటేక
మందుల కొట్టు మీదకి మెట్లు పద్నాలుగు.
ఎక్కినాను, దిగీసినాను,
ఏడు నెలల తరవాత మళ్లీ ఎక్కినాను.

కింద ఎడం దవడన మూడు పళ్లు నేవు నాకు.
ఒకటి పుచ్చి రాలిపోయింది.
ఒకటి సంచి డాక్టరు పటకారు పెట్టి పీకీసినాడు.
మూడోది ఎప్పుడు పోయిందో!
తిత్లీ గాలి కొట్టిన ఏడు అయ్యుంటాది.
తోటలో డెబ్భై జీడి సెట్లు ఏళ్లతో లేచిపోయినప్పుడు
పన్ను లెక్క ఎవరు రాసుకుంటారు?

పాత్రో డాక్టరమ్మ బల్ల మీద
మూడు ప్లాస్టిక్ దవడలు పెట్టింది.
"ఇది తీసి పెట్టుకునేది.
ఇది బ్రిడ్జి.
ఇది ఇంప్లాంటు, ఎముకలో మర బిగించి దాని మీద పన్ను."
సంతలో సీరలు పరిసినట్టు పరిసింది,
బేరం మాత్రం ఆడనివ్వదు.

తీసి పెట్టుకునేది సూడగానే
మా అత్త ఢిల్లమ్మ గేపకమొచ్చింది.
రేతిరంతా ఆవిడ నవ్వు గ్లాసు నీళ్లలో ఉండేది.
ఒకనాడు మనవడు ఆ నీళ్లు పెరట్లో పారబోసీసినాడు.
బీరపాదు కింద ఎతుక్కుంటూ ఆవిడ తిట్టిన తిట్లలో
పళ్లు నేకపోయినా
ఒక్క అచ్చరం తప్పు పోనేదు.

బ్రిడ్జి కొంచెం సవకే.
కానీ నేని మూడింటి కోసం
అటొకటి ఇటొకటి
గట్టి పళ్లు రెండు అరగదియ్యాలట.
"వాటికేటి పాపం?" అన్నాను.
డాక్టరమ్మ నవ్వింది. నాను నవ్వనేదు.
మానీసినోళ్ల పని ఉన్నోళ్ల మీద పడటం
జీడి షెడ్డులో ముప్పై ఏళ్లుగా సూస్తన్నాను.

మూడోదానికి ధర సెప్పింది.
మెట్లు దిగీసింది అప్పుడే.

కానీ దిగే ముందు ఎక్స్‌రే ఎలుగుకి ఎత్తి సూపించి
ఒక మాటన్నాది:
"పన్ను లేని చోట ఎముక కరిగిపోతుందమ్మా.
నాకింక పని లేదనుకుంటుంది."
ఆ మాట నాతోపాటు ఆటో ఎక్కింది.
మందస రోడ్డు పొడుగునా
నాలుక ఆ పల్లంలోనే తిరిగింది.

మా ఇంటాయన దుర్యోధన అన్నాడు:
"యాభై నాలుగేళ్లకి కొత్త పళ్లేటి,
ఎవర్ని కొరుకుతావు?"
"అరవై దాటేక నువ్వు
తోటలో కొత్త మొక్కలెందుకు నాటినావు?"
మాటాడనేదు. సుట్ట ఎతుక్కున్నాడు.

సీటీ పాటలో ఎనిమిది వేలు తగ్గించి పాడుకున్నాను.
"ఏటికే?" అనడిగినారు.
"నోటికి" అన్నాను.
అందరూ పకాలుమన్నారు.
హేమావతి ఒక్కతీ
బుగ్గలోపల తన ఖాళీని నాలుకతో
ఒకసారి తడుముకుంది.

సూది దించేక నొప్పి నేదు, సప్పుడే.
మా కటింగు మిషను
తలకాయలోపల ఎవరో తిప్పుతున్నట్టు.
మూడు పళ్లకి రెండు మరలు.
సిగురు కప్పి కుట్టు ఏసీసి
"ఇక ఎముక పట్టుకోవాలి" అన్నాది.
ఎముకని తొందరపెట్టే మందు నేదట.
మూడున్నర నెలలు గంజి కుడివైపుకి తాగినాను.
షెడ్డులో మాత్రం ఎప్పట్లాగే
కిలో లెక్కన కూలి.

నిన్న రంగుల సీటీ పట్టుకొచ్చింది.
పదహారు పళ్లు వరసగా, పదహారు తెలుపులు.
"మీకేది కావాలో మీరే చెప్పండి."

నన్నా అడగడం!
గుండూ బద్దా, తెల్లదీ కమిలిందీ
లారీలకి లారీలు ఏరినాయి ఈ కళ్లు.
జీడి రసం తిన్న నల్ల ఏళ్లతో సీటీ అందుకుని
కిటికీ కాడికి ఎల్లినాను.
ట్యూబులైటు కింద రంగు అబద్ధమాడతాది,
ఏ గ్రేడింగు పిల్లనడిగినా సెప్తాది.

మొదటిది సినిమా తెలుపు.
రెండోది పెళ్లి తెలుపు.
మూడోది కొంచెం సెగ తగిలినట్టున్నాది,
ఓడలెక్కే సరుకు కాదు,
మేం ఇంటికి తెచ్చుకుని
పరమాన్నంలో ఏసుకునే రకం.

"ఇది" అన్నాను.
"ఇంకొంచెం తెల్లగా తీసుకోవచ్చు కదమ్మా,
డబ్బు ఒకటే."
"పక్క పళ్లు ఊరుకోవు" అన్నాను.