ఒకే కోడిపుంజు

ఈ కాలువ ఊళ్ళో చెక్కలో చెక్కిన కోడిపుంజు ఒక్కటే ఉంది.
అది నా దగ్గరుంది.
మా ఆయన ప్రౌటీ పోయాక
అప్పులు తీరగా మిగిలినవి
ప్రెస్సూ, నాలుగు అరల సీసపు అక్షరాలూ, ఇదీ.

అక్టోబరు ఆఖరి మంగళవారం
కాలువ వర్గం వాళ్ళొచ్చారు, బురద బూట్లతో.
పైన పార్టీ పేరు, కింద పుంజు,
గవర్నరు పదవికి జెడిడయా స్టైల్స్.
పదివేల చీట్లు. బేరమాడలేదు.
"అసలు పార్టీ మేమేనమ్మా హల్డా, ఖాతాలో రాసుకో."

వాళ్ళ బండి ఇంకా మలుపు తిరగలేదు,
ఉప్పు వర్గం వాళ్ళు గుమ్మంలో ఉన్నారు.
అదే పార్టీ పేరు. అదే పుంజు.
కింద మాత్రం ఆల్వా గ్రోవెనర్.
అసలు పార్టీ తామేనన్నారు,
ఇంకా వేడి చల్లారని అదే కుర్చీలో కూర్చుని.

ఆగస్టు మహాసభలో సగంమంది లేచి
ఎదురుగా ఉన్న హోటలుకి నడిచారట.
పోతూపోతూ అధ్యక్షుడి సుత్తి పట్టుకుపోతే
మిగిలినవాళ్ళు బూటుతో బల్ల చరిచి సభ నడిపారట.
గొడవంతా కాలువ లోతు గురించంటారు.
తొమ్మిదో లాకు దగ్గర సుంకం వసూలు చేసే
ఆ ఒక్క ఉద్యోగం గురించని నా అనుమానం.

హైరమ్, ఓరిన్ ఒక కడుపున పుట్టినవాళ్ళు.
మాంసం పొగబెట్టే కొట్టం ఇద్దరికీ ఉమ్మడి.
ఈ ఏడు నడుమ పలకలు కొట్టారు.
పొగ మాత్రం సందుల్లోంచి
అటూ ఇటూ పోతూనే ఉంది.

నా దగ్గర పెద్దక్షరాలు తక్కువ.
ఒక పేరు విప్పితేగాని ఇంకో పేరు కూడదు.
గ్రోవెనర్ నడుమ పలకని ఎస్ ఒకటుంటుంది.
స్టైల్స్ మొదట్లోంచి ఊడదీసి అక్కడ దిగ్గొట్టాను.
అక్కడున్నంతసేపూ బుసకొట్టింది,
ఇటొచ్చాక నోరు మూసుకుంది.
ఇలాంటివాళ్ళని ఊళ్ళో ఆరుగురిని చెప్పగలను.

పుంజు మెడలో పాత బీట ఉంది.
రెండు చీట్ల మీదా అదే సన్నటి తెల్లగీత.
వీళ్ళూ చూడలేదు, వాళ్ళూ చూడలేదు.

పోలింగు రోజు వాన.
నాకు ఓటు లేదు; కిటికీ ఉంది.
నా చేతి సిరా ఆరీ ఆరని చీట్లు
టోపీల్లో దాచుకుని మగవాళ్ళు పోతున్నారు.
హైరమ్ వీధికి ఆ పక్క, ఓరిన్ ఈ పక్క.

స్టైల్స్ ఓట్లూ గ్రోవెనర్ ఓట్లూ కలిపితే కొండ.
కలపడానికెవరున్నారు?
పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు.
ఇక్కడ పిల్లి లేచి నిలబడనైనా లేదు.
నేనెన్నడూ కూర్చని పేరు,
పక్క ఊరి ప్రెస్సులో అచ్చయిన మూడోవాడు
గవర్నరయ్యాడు.

అక్షరాలు క్షారంలో కడిగి అరల్లో వేశాను.
ఎస్ దాని గడిలోకి అది పోయింది.
మిగిలిన చీట్లు చేపలకొట్టు వాడికిచ్చాను.
రెండు వర్గాలూ ఒకే హెర్రింగు చుట్టూ ఇప్పుడు.

ఇరవై డాలర్ల బిల్లు
'పార్టీకి' అని రాసి ఇద్దరికీ చెరొక ప్రతి పంపాను.
ఇద్దరూ తిప్పి పంపారు.
అసలు పార్టీ అవతలివాళ్ళేనట.