సూర్ బందరు కాడ కటింగ్ షాపు

అద్దంల ఇద్దరం ఒక్క తీరు నలుపు,
ఖల్ఫాన్ గడ్డానికి నురగ పూసేదాంక.

పక్క కుర్చీల అమెరికా ఆయన, ఇంగ్లీషు సారు,
"మనం బ్లాక్ వాళ్లం గదా తమ్మీ" అన్నడు ప్రేమగ.
ఖల్ఫాన్‌కు నవ్వొచ్చింది. "నేను అరబ్బును" అని
తండ్రి, తాత, ముత్తాత,
ఏడు పేర్లు ఏళ్ల మీద లెక్కవెట్టిండు.
నానమ్మ జాంజిబార్ మాటలల్ల తిట్టేదన్నది
నాకొక్కనికే తెలుసు,
కత్తి చెవి కాడున్నప్పుడు చెప్పిండు.
"మా దిక్కు ఒక్క సుక్క నెత్తురు సాలు" అని
సారు తన చెయ్యి తిప్పి చూసుకున్నడు.

ఇద్దరూ నా మొకం జూసిన్రు.
"హిందీ" అన్నడు ఖల్ఫాన్, నాకు బదులు.
హిందీ నాకు సక్కగ రానే రాదు.
రూముల మద్రాసీని. మలయాళీ సేటుకు ఆంధ్రా.
జగిత్యాలంటే ఎవ్వలికీ నోరు తిరగది.

మా ఊర్లె రంగు అడగరు.
కత్తి ఎవలి చేతుల ఉన్నదని జూస్తరు.
ఈ కత్తి మా ఇంటిది కాదు, వీసాతోని వచ్చింది.

ఫోన్ మోగింది. మా బామ్మర్ది.
"ఏం పని బావా గాడ?"
నురగ చెయ్యి అంగీకి తుడుసుకోని
"దుకాణంల లెక్కలు రాస్తున్న" అన్న.

ఖల్ఫాన్‌కు తెలుగు రాదు.
అయినా అద్దంల నన్నే జూస్తున్నడు.