తరుగు

ఏప్రిల్‌లో గుంటూరు గాలికి ఘాటెక్కువ.
యార్డు మీంచి వీచిందంటే
కింది అంతస్తులో, తలుపులేసిన ల్యాబులో కూడా
అద్దం బిగిస్తూ తుమ్ముతాను.
అరగంట సరిచేసిన కిరణం
వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది.
"మళ్ళీ మొదలా మేడమ్" అంటాడు జాన్‌సైదా,
కిటికీ సందుల్లో నల్లగుడ్డ కుక్కుతూ.

బల్ల మీద స్ఫటికం,
పటికబెల్లం పలుకంత.
ఖరీదు అతని ఆర్నెల్ల జీతం,
అందుకే చీపురు కూడా ఆ వైపు రానివ్వడు.
దాన్లోకి నేరేడుపండు రంగు వెలుగు పోస్తాను.
కోటానుకోట్ల కణాలు
వెళ్ళినవి వెళ్ళినట్టే బయటికొస్తాయి.
ఎప్పుడో ఒక్కటి
రెండవుతుంది.

"ఎవరు విరిచారు?"
పాత లెక్కల్లో దీనికి జవాబు లేదు.
వాటి ప్రకారం అసలది విరగనే కూడదు.
పాలు తోడుకోవాలంటే చుక్క మజ్జిగ కావాలి కదా,
ఇక్కడ ఆ చుక్కా లేదు,
ఖాళీ గిన్నెకి పట్టిన పులుపు వాసనే తోడు
అన్నాను.
శూన్యం కూడా ఊరికే ఉండదు, వణుకుతుంటుంది.

నమ్మలేదు. "ముక్కలేయి మరి?"
ఎరుపు దాటి పోయాయి, కంటికి ఆనవు.
ఈ మూల ఒక డబ్బా, ఆ మూల ఒక డబ్బా,
రెండూ ఒకే రెప్పపాటులో మోగితే కవలలు.
ఒకటి మోగిందా,
రెండోది ఎక్కడుందో వెతకక్కర్లేదు.

టిక్.

తల తిప్పి చూశాడు.
"మా కాశింబీ తొడిమ తీస్తే ఇదే చప్పుడు."

కాసేపాగి,
"రెండు ముక్కలూ కలిపి తూస్తే
మొదటిదానికి ఎంత తక్కువొస్తది?"
ఏమీ తక్కువ రాదు.
"ఎంతో కొంత?"
పిసరు కూడా.
"తేమకని? తాలుకని? మచ్చుకని దోసెడు?"
లేదు.
"మధ్యలో ఈ రాయి ఏం తీసుకుంటది మరి?"
ఏమీ తీసుకోదు జాన్‌సైదా.
ఎలా ఉందో అలాగే ఉంటుంది.

పోయినేడు బావమరిది బస్తాలతో
మూడు రాత్రులు చుట్టుగుంటలో పడుకున్నవాడు
స్ఫటికం వైపు వంగి చూశాడు,
ఊపిరి తగలకుండా నోటికి తువ్వాలు అడ్డంపెట్టుకొని.
"ఇట్టాంటి కాటా ఈ ఊళ్ళో ఉందా!"

పదకొండయింది. లేజర్ ఆపేశాను.
డబ్బా మాత్రం ఆగాగి
టిక్ అంటూనే ఉంది.
ఏ వెలుగూ రాకపోయినా అంటుంది.
దాన్ని చీకటి లెక్క అంటారు.
ప్రతి రాత్రీ అదెంతో చూసి
వచ్చిన మొత్తంలోంచి కొట్టేస్తాను.

భుజం మీంచి చూస్తున్నాడు.
"ఏంది మేడమ్, తీసేస్తున్నారు?"

ఏ మాట వాడాలో
నాకు తెలుసు.
పెన్ను మూత పెట్టాను.
అతను తాళాలు తీసుకొని
గట్టిగా తుమ్మాడు.